నీలి పిల్లలకు ఊపిరి పోసిన వడ్రంగి

పుట్టుకతోనే గుండెలో లోపం ఉండి, పెదవులూ గోళ్ళూ నీలంగా మారి, నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కూలబడిపోయే పిల్లలకు ఒకప్పుడు వైద్యమంటూ లేదు. వారిని బతికించే ఆపరేషనుకు దారి వేసిన వ్యక్తి డాక్టరు చదువు చదవలేదు. కాలేజీ గడప తొక్కలేదు. తండ్రి దగ్గర వడ్రంగం నేర్చుకున్న పనివాడు. ఆయన పేరు వివియన్ థామస్. అమెరికాలోని ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టిన థామస్ 1985లో కన్నుమూశారు. దేశదేశాల డాక్టర్లు నేర్చుకున్న ఆ ఆపరేషనును చాలా ఏళ్ళపాటు వేరే ఇద్దరి పేర్లతోనే పిలిచారు. కుట్టు నేర్పిన చేతి పేరు మాత్రం బయటికి రాలేదు.

వడ్రంగి ఇంట పుట్టి

థామస్ 1910 ఆగస్టు 29న అమెరికా దక్షిణ ప్రాంతంలోని లూసియానా రాష్ట్రంలో జన్మించారు. తండ్రి విలియం వడ్రంగి మేస్త్రి. తల్లి మేరీ బట్టలు కుట్టేవారు. కడుపులో ఉన్నది ఆడపిల్లేనని తలచి ముందుగా అనుకున్న పేరునే పుట్టిన మగబిడ్డకు పెట్టారని చెబుతారు. తరువాత ఆ కుటుంబం టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ నగరానికి చేరి స్థిరపడింది. బడి వదలగానే థామస్, ఆయన అన్నదమ్ములు తండ్రి వెంట పనికి వెళ్ళేవారు. కొలత తప్పకుండా చెక్క కోయడం, అతుకు కనబడకుండా కూర్చడం ఆయనకు చిన్నతనంలోనే అబ్బాయి.

ఆ రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవారికి ఒక బడి, నల్లవారికి మరొక బడి ఉండేవి. మంచినీళ్ళ కుళాయి దగ్గర కూడా వేరు వరుస. నల్లవారి కోసం నడిచే పెర్ల్ హైస్కూలులో థామస్ చదివి 1929లో మంచి మార్కులతో ఉత్తీర్ణులయ్యారు. డాక్టరు కావాలన్నది ఆయన కోరిక. కాలేజీ ఖర్చుల కోసం వడ్రంగి పని చేసి ఏళ్ళ తరబడి రూకా రూకా కూడబెట్టి బ్యాంకులో వేసుకున్నారు.

మునిగిన బ్యాంకు

1929 అక్టోబరులో అమెరికా షేర్ల బజారు కుప్పకూలింది. ఆ దెబ్బకు దేశమంతటా పనులు నిలిచిపోయాయి. ఒక విశ్వవిద్యాలయంలో వడ్రంగి పని చేస్తున్న థామస్‌ను కూడా పని లేదని తీసివేశారు. పరిస్థితి చక్కబడేదాకా ఏదో ఒక పని చూసుకుందామనుకుంటున్న సమయంలో, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఒక డాక్టరుకు సహాయకుడు కావాలని స్నేహితుడు కబురు చెప్పాడు. 1930 ఫిబ్రవరిలో థామస్ ఆ పనిలో చేరారు. వారానికి 12 డాలర్ల జీతం. అప్పటికి ఆయన వయసు 19 ఏళ్ళు.

చేరిన కొద్ది నెలలకే ఆయన సొమ్ము దాచుకున్న బ్యాంకు మూతపడింది. చదువు కోసం కూడబెట్టిన డబ్బంతా పోయింది. నాలుగు నెలలు చేద్దామనుకున్న పని జీవితాంతం చేయవలసిన పనయింది.

ఆ డాక్టరు పేరు ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్. జార్జియా రాష్ట్రానికి చెందిన తెల్లజాతివాడు. అప్పటికి ఆయన వయసు 30 ఏళ్ళు. ప్రయోగశాలలో జంతువులపై పరిశోధనలు చేసేవారు. మత్తు ఇవ్వడం, రక్తపోటు కొలవడం, రక్తనాళాలు విడదీయడం, కొలతలు పుస్తకంలో రాయడం అన్నీ థామస్‌కు ఒక్కొక్కటిగా చూపించారు. ఒకసారి చూపిస్తే చాలు, రెండోసారి చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. కొద్దికాలానికే బ్లేలాక్ ఏం చేయాలో చెప్పి వెళ్ళిపోతే ప్రయోగమంతా థామస్ ఒక్కరే పూర్తిచేసే స్థితి వచ్చింది. రసాయన శాస్త్రం, శరీర శాస్త్రం పుస్తకాలు ఆయన సొంతంగా చదువుకున్నారు.

మొదట్లోనే ఒక సంఘటన జరిగింది. ఏదో పొరపాటు జరిగిందని బ్లేలాక్ కోపంతో బూతులు తిట్టారు. థామస్ మారు మాట్లాడకుండా బట్టలు మార్చుకుని ఆయన దగ్గరకు వెళ్ళారు. అటువంటి మాటలు పడటానికి తాను సిద్ధంగా లేనని, తన జీతం లెక్క చూసి ఇప్పిస్తే వెళ్ళిపోతానని చెప్పారు. బ్లేలాక్ తప్పు ఒప్పుకున్నారు. ఇక ముందు అలా జరగదని మాట ఇచ్చారు. ఆ రోజుల్లో దక్షిణాదిలో ఒక నల్లజాతి కుర్రవాడు తెల్ల దొర ముందు నిలబడి అలా చెప్పడం సామాన్యమైన విషయం కాదు. ఆ తరువాత 34 ఏళ్ళు వారిద్దరూ కలిసి పనిచేశారు.

రక్తం పోతేనే షాక్

పెద్ద దెబ్బ తగిలిన మనిషి ఒళ్ళు చల్లబడి, నాడి పడిపోయి, కొద్ది గంటల్లో ప్రాణం విడిచే స్థితిని డాక్టర్లు షాక్ అంటారు. నలిగిన కండలోనుంచి ఏదో విషం పుట్టి రక్తంలో కలవడమే దీనికి కారణమని అప్పట్లో చాలామంది నమ్మేవారు. బ్లేలాక్, థామస్ కలిసి చేసిన ప్రయోగాల్లో విషయం వేరని తేలింది. దెబ్బ తగిలిన చోట రక్తం, రక్తంలోని నీరు నాళాల్లోంచి బయటికి పోవడం వల్ల గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గిపోతున్నది. పోయినంత తిరిగి ఎక్కిస్తే మనిషి కోలుకుంటాడు.

రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు రక్తం, ప్లాస్మా ఎక్కించి వేలమందిని కాపాడటానికి ఈ పరిశోధన ఎంతో ఉపకరించింది. ఈ ఫలితాలతో బ్లేలాక్ పేరు దేశమంతటా మారుమోగింది. ప్రయోగాలు చేసిన థామస్ మాత్రం ఆ విశ్వవిద్యాలయం పద్దుల్లో ఊడ్చే పనివాడిగానే ఉన్నారు. జీతం కూడా ఆ తరగతికి ఇచ్చేదే. ఈ సంగతి తెలిసిన తరువాత ఆయన గొడవ చేయలేదు కాని, తనకు చేస్తున్న పనికి తగిన హోదా కావాలని అడిగి జీతం పెంచుకున్నారు. ఆయన అన్న హెరాల్డ్ నాష్‌విల్‌లో ఉపాధ్యాయుడు. నల్లజాతి ఉపాధ్యాయులకు తక్కువ జీతం ఇవ్వడంపై ఆయన కోర్టుకెక్కి 1942లో గెలిచారు.

పనికిరాదనుకున్న ప్రయోగం

1938 ప్రాంతంలో బ్లేలాక్, థామస్ మరొక విషయం పరిశీలించారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పోటు పెరిగితే ఏమవుతుందన్నది వారి ప్రశ్న. ఇందుకోసం కుక్కలో ఎడమ చేతి వైపు వెళ్ళే పెద్ద నాళాన్ని కోసి, దాని చివరను ఊపిరితిత్తికి వెళ్ళే నాళానికి కలిపి కుట్టారు. గుండె నుంచి చేతికి బలంగా వచ్చే రక్తం ఇక ఊపిరితిత్తిలోకి మళ్ళింది. పోటు బాగా పెరుగుతుందని వారు ఎదురుచూశారు. పెరగలేదు. ఊపిరితిత్తి ఆ అదనపు రక్తాన్ని తేలికగా ఇముడ్చుకుంది. చేతికి కూడా పక్కనున్న చిన్న పాయల ద్వారా రక్తం అందింది. అనుకున్న ఫలితం రాలేదు గనుక ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టారు.

అయితే ఒక నాళాన్ని తెచ్చి మరొక నాళానికి రక్తం కారకుండా, గడ్డకట్టకుండా కుట్టడం థామస్ చేతికి బాగా అలవాటయింది. ఆరేళ్ళ తరువాత అదే పనికివచ్చింది.

బాల్టిమోర్‌లో

1937లో డెట్రాయిట్ నగరంలోని ఒక పెద్ద ఆస్పత్రి బ్లేలాక్‌ను రమ్మని పిలిచింది. థామస్‌ను కూడా తెస్తానని ఆయన అన్నారు. నల్లజాతివారిని తీసుకోబోమని ఆస్పత్రివారు చెప్పడంతో ఆయన వెళ్ళలేదు. 1941లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి శస్త్రచికిత్స విభాగానికి ఆయనను అధిపతిగా పిలిచింది. ఈసారి థామస్ కూడా భార్య క్లారాను, ఇద్దరు ఆడపిల్లలను తీసుకుని తరలివెళ్ళారు.

ఆ ఆస్పత్రిలో అప్పటికి పనిచేస్తున్న నల్లవారంతా ఊడ్చేవారు, కడిగేవారు. మరుగుదొడ్లు వేరు. తెల్ల కోటు వేసుకుని నడవాలో నడిచి వస్తున్న నల్లజాతి మనిషిని చూసి అందరూ ఆగి చూసేవారు. ఆ చూపులు భరించలేక థామస్ కొంతకాలం ప్రయోగశాల దాటి వెళ్ళేటప్పుడు కోటు విప్పి మామూలు బట్టలు వేసుకునేవారు. నగరంలో ఇల్లు దొరకడం కష్టమయింది. ఖర్చులు నాష్‌విల్ కన్నా ఎక్కువ. ఇచ్చే జీతం చాలక, తిరిగి వడ్రంగానికి వెళ్ళిపోవలసి వస్తుందేమోనని బ్లేలాక్‌కు చెప్పవలసి వచ్చింది. అప్పుడు జీతం కొంత పెరిగింది.

నీలి పిల్లలు

హాప్కిన్స్ ఆస్పత్రిలో పిల్లల గుండె జబ్బుల విభాగాన్ని హెలెన్ టాసిగ్ అనే డాక్టరమ్మ చూసేవారు. 1898లో పుట్టిన ఆమెకు వినికిడి తగ్గిపోయింది. గుండె చప్పుడు సరిగా వినబడక, పిల్లల ఎదపై చేయి ఉంచి గుండె కదలికను వేళ్ళతో పసిగట్టేవారు. ఆమె దగ్గరకు వచ్చేవారిలో నీలి పిల్లలు ఎక్కువ.

ఆరోగ్యంగా ఉన్న మనిషి గుండె రెండు పంపుల వంటిది. కుడి పక్క పంపు చెడు రక్తాన్ని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. అక్కడ ప్రాణవాయువు కలిసి ఎర్రబడిన రక్తం ఎడమ పక్కకు వచ్చి ఒళ్ళంతా పారుతుంది. నీలి పిల్లల్లో ఊపిరితిత్తులకు వెళ్ళే తూము సన్నబడి ఉంటుంది. రెండు పక్కల మధ్య ఉన్న గోడకు రంధ్రం ఉంటుంది. ఒంటికి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం ఆ రంధ్రం మీదికి జరిగి ఉంటుంది. సన్నని తూములోంచి తోయలేక కుడి పక్క గోడ మందమవుతుంది. ఈ నాలుగు లోపాలను 1888లో ఫ్రాన్సు దేశపు డాక్టరు ఫాలో వివరించారు. తూము మూసుకున్న కాలువలో నీరు వెనక్కి ఎగదన్నినట్టు, చెడు రక్తం రంధ్రం గుండా అవతలికి పోయి ఎర్ర రక్తంలో కలిసిపోతుంది. అందుకే పిల్ల నీలంగా కనిపిస్తుంది. నాలుగడుగులు నడిచి గొంతుకూర్చుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంటేగాని ఊపిరి అందదు. వారిలో చాలామంది చిన్నతనంలోనే చనిపోయేవారు.

టాసిగ్ ఒక విషయం గమనించారు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఒక చిన్న నాళం ఉంటుంది. అది ఒంటి నాళాన్నీ ఊపిరితిత్తుల నాళాన్నీ కలుపుతుంది. పుట్టిన తరువాత మూసుకుపోతుంది. ఎవరికైతే అది మూసుకోకుండా ఉన్నదో ఆ నీలి పిల్లలు మిగిలినవారి కన్నా బాగా ఉంటున్నారు. అది మూసుకున్నాక జబ్బు ముదురుతున్నది. అంటే ఊపిరితిత్తులకు మరికొంత రక్తం అందే దారి వేయగలిగితే పిల్లలు బతుకుతారు. బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే డాక్టరు 1938లో ఆ నాళం తెరచి ఉన్న మరొక రకం పిల్లలకు దాన్ని కట్టివేసే ఆపరేషను చేశారు. కట్టగలిగినవారు కొత్తది వేయలేరా అని టాసిగ్ ఆయన దగ్గరకు వెళ్ళారు. ఆయన ఆసక్తి చూపలేదు.

1943లో ఆమె బ్లేలాక్, థామస్‌ల ముందు ఈ సంగతి పెట్టారు. దానికి జవాబు తమ దగ్గరే ఉన్నదని వారిద్దరికీ తోచింది. నాష్‌విల్‌లో పక్కన పెట్టిన ఆ పాత ప్రయోగమే ఆ జవాబు. మెరక చేనుకు పెద్ద తూము నుంచి నీరు ఎక్కనప్పుడు, పక్కనున్న నిండు కాలువకు గండి కొట్టి బోదె తవ్వి నీరు పారించినట్టు, చేతికి వెళ్ళే నాళాన్ని ఊపిరితిత్తి వైపు మళ్ళించాలి.

రెండేళ్ళ శ్రమ

చెప్పినంత సులభంగా పని కాలేదు. ముందు జబ్బు ఎలాంటిదో తెలియాలి. ఆస్పత్రిలో భద్రపరచిన లోపాల గుండెలను థామస్ ఒక్కొక్కటిగా పరిశీలించారు. తరువాత కుక్కల్లో నీలి పిల్లల వంటి స్థితి కల్పించాలి. నాలుగు లోపాలూ కల్పించడం సాధ్యపడలేదు. ఊపిరితిత్తిలో కొంత తీసివేసి, నాళాలను దారి మళ్ళించి, రక్తంలో ప్రాణవాయువు తగ్గే ఉపాయం కనిపెట్టారు. ఆ తరువాత దాన్ని బాగుచేసే ఆపరేషను. దాదాపు రెండేళ్ళలో సుమారు 200 కుక్కలపై ప్రయోగాలు జరిగాయి. చాలా కుక్కలు చనిపోయాయి. ఆపరేషను తరువాత దీర్ఘకాలం బతికిన వాటిలో మొదటిదాని పేరు అన్నా. దాని బొమ్మను తరువాత ఆస్పత్రిలో గోడకు పెట్టారు.

పసిపిల్లల నాళాలు కుట్టేందుకు తగిన పనిముట్లు అప్పుడు దొరికేవి కావు. నాళాన్ని నలగకుండా పట్టి ఉంచే పట్టకార్లను థామస్ తమ పనికి తగినట్టు మార్పించారు. పొడుగు సూదులను విరిచి, చిన్నవి చేసి, మొనలు సానపట్టి సన్నని పట్టుదారం ఎక్కించారు. తండ్రి పనిముట్ల మధ్య పెరిగిన చేతికి అది కొత్త పని కాదు. కుట్టు ఎన్ని పొరల్లోంచి పోవాలి, ముడి ఎంత బిగించాలి, లోపలి వైపు గరుకు లేకుండా ఎలా రావాలి అన్నవి ఆయన చేసిచేసి ఖాయం చేశారు. ఈ మొత్తం కాలంలో బ్లేలాక్ ఆ ఆపరేషనును కుక్కపై సొంతంగా చేసింది ఒక్కసారే. అప్పుడు కూడా పక్కన ఉండి సాయం చేసింది థామస్.

1944 నవంబరు 29

ఆ రోజు ఆపరేషను బల్లపైకి తెచ్చిన పసిపాప వయసు 15 నెలలు. బరువు 4 కిలోలు మాత్రమే. ఆపరేషను చేయకపోతే బతకదు. చేస్తే బల్ల మీదనే పోవచ్చు. మత్తు ఇవ్వడానికి పెద్ద డాక్టరు ఒకరు వెనుకాడగా చిన్న డాక్టరు ఒప్పుకున్నారు. తాను అక్కడ ఉంటే బ్లేలాక్ చేయి తడబడుతుందేమోనని థామస్ రాదలచుకోలేదు. బ్లేలాక్ మాత్రం ఆయనను పిలిపించారు. ఒక చిన్న ముక్కాలి పీట వేయించి, తన కుడి భుజం వెనుక నిలబడమన్నారు.

పసిపాప నాళాలు కుక్క నాళాల కన్నా చాలా సన్నగా ఉన్నాయి. రక్తం నీలంగా, చిక్కగా ఉంది. బ్లేలాక్ కుడుతూ ఉంటే కుట్టు సరిగా పడుతున్నదా, దూరం సరిపోతుందా, సూది ఎటు తిప్పాలి అని వెనుక ఉన్న థామస్‌ను అడుగుతూ వచ్చారు. తప్పు దిక్కున సూది వేయబోయినప్పుడు థామస్ మెల్లగా సరిచేశారు. ఒక పేరున్న ప్రొఫెసరు, డిగ్రీ లేని ప్రయోగశాల సహాయకుడి మాట ప్రకారం సూది తిప్పిన సంగతి ఆ గదిలో ఉన్నవారందరూ చూశారు.

పాప ఆపరేషను తట్టుకుంది. కొంతకాలం తేరుకుంది. కొన్ని నెలల తరువాత మళ్ళీ నీలంగా మారింది. మరొక ఆపరేషను చేసినా దక్కలేదు. కాగా 1945 ఫిబ్రవరిలో 11 ఏళ్ళ బాలికకు, ఆ తరువాత 6 ఏళ్ళ బాలుడికి చేసిన ఆపరేషన్లు ఫలించాయి. బిగించిన పట్టకారు వదలగానే ఆ బాలుడి నీలి పెదవులు బల్ల మీదనే ఎర్రబడ్డాయి. నిన్నటిదాకా నడవలేని పిల్లవాడు తిరగసాగాడు. ఈ వార్త పాకగానే అమెరికా నలుమూలల నుంచి, ఇతర దేశాల నుంచి తల్లిదండ్రులు నీలి బిడ్డలను ఎత్తుకుని బాల్టిమోర్ చేరుకోసాగారు. ఏడాది తిరిగేసరికి ఆ ఒక్క ఆస్పత్రిలోనే 200కు పైగా ఆపరేషన్లు జరిగాయి. 1947లో బ్లేలాక్ లండన్ వెళ్ళి అక్కడి డాక్టర్లకు చేసి చూపించారు.

పేరు లేని పని

1945 మే నెలలో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఈ ఆపరేషను వివరాలు అచ్చయ్యాయి. రాసినవారు బ్లేలాక్, టాసిగ్. అందులో థామస్ పేరు ఎక్కడా లేదు. పత్రికల్లో వచ్చిన ఫొటోల్లోనూ ఆయన లేరు. 1954లో లాస్కర్ పురస్కారం బ్లేలాక్, టాసిగ్, గ్రాస్‌లకు దక్కింది.

1946లో మరొక రకం గుండె లోపానికి థామస్ ప్రయోగశాలలో ఒక ఆపరేషను రూపొందించారు. ఇందులో పెద్ద నాళాలు రెండూ తారుమారై పుట్టిన పిల్లలకు గుండె పై గదుల మధ్య గోడలో దారి చేస్తారు. మానిన చోట కుట్టు జాడ కూడా దొరకకపోవడంతో, ఇది మనిషి చేసిన పనిలా లేదని బ్లేలాక్ ఆశ్చర్యపోయారు. ఆ ఆపరేషనుకు కూడా బ్లేలాక్, హాన్లన్ అనే ఇద్దరు డాక్టర్ల పేర్లే స్థిరపడ్డాయి.

ఇల్లు గడవడానికి థామస్ సాయంకాలాలు పార్టీల్లో పానీయాలు అందించే పని చేసేవారు. కొన్నిసార్లు ఆ పార్టీలు బ్లేలాక్ ఇంట్లోనే జరిగేవి. పగలు తన దగ్గర కుట్టు నేర్చుకున్న డాక్టర్లకే రాత్రి గ్లాసులు అందించవలసి వచ్చేది. బ్లేలాక్ తన పనిలో ఆయనను సమానుడిగా చూశారు. ఆ గది బయట మాత్రం చూడలేదు. జీతం విషయంలో ఆయన తరఫున ఆస్పత్రితో పోట్లాడినవారు కూడా బ్లేలాక్‌ే. ఆ పోరు వల్ల తరువాత ఆస్పత్రి సహాయకులందరిలోకీ ఎక్కువ జీతం థామస్‌కే వచ్చింది. ఈ రెండు సంగతులూ నిజమే.

డాక్టరు కావాలన్న పాత కోరిక ఆయనను వదలలేదు. 1947 ప్రాంతంలో బాల్టిమోర్‌లోనే ఉన్న మోర్గాన్ కాలేజీలో చేరడానికి ప్రయత్నించారు. ఆయన నేర్చిన పనిని చదువు కింద లెక్క కట్టలేమని, మొదటి సంవత్సరం నుంచి అందరిలా చదవవలసిందేనని తేలింది. లెక్క వేసుకుంటే డాక్టరు పట్టా చేతికి వచ్చేసరికి వయసు 50 దాటుతుంది. ఇద్దరు పిల్లలను చదివించాలి. ఆ ఆలోచన అంతటితో విరమించారు.

శిష్యుల మధ్య

హాప్కిన్స్ శస్త్రచికిత్స ప్రయోగశాలలను థామస్ 35 ఏళ్ళకు పైగా నడిపించారు. తరాల తరబడి యువ డాక్టర్లు మనిషిపై కత్తి పెట్టే ముందు అక్కడికి వచ్చి ఆయన దగ్గర చేతిపని నేర్చుకున్నారు. 1969లో కృత్రిమ గుండెను మొదటిసారి మనిషికి అమర్చిన డెంటన్ కూలీ అటువంటివారిలో ఒకరు. మొదటి నీలి పాప ఆపరేషను నాడు కూలీ ఆ గదిలో కొత్తగా చేరిన చిన్న డాక్టరు. ఒక్క కదలిక కూడా వృథా పోని థామస్ చేతిని చూసి నేర్చుకున్నామని పెద్దపెద్ద డాక్టర్లు తరువాత ఒప్పుకున్నారు. చదువు ఆగిపోయిన నల్లజాతి యువకులను కూడా ఆయన ప్రయోగశాలలోకి తీసుకుని పని నేర్పారు. వారిలో కొందరు పైకి వచ్చి ఆస్పత్రుల్లో బాధ్యత గల పనులు చేశారు.

1964లో బ్లేలాక్ పదవీ విరమణ చేసి, అదే ఏడాది సెప్టెంబరు 15న క్యాన్సరుతో మరణించారు.

ఆలస్యంగా వచ్చిన గౌరవం

థామస్ దగ్గర పని నేర్చుకున్న డాక్టర్లంతా చందాలు వేసుకుని ఆయన చిత్రపటం గీయించారు. 1971 ఫిబ్రవరిలో ఒక సభ జరిపి దాన్ని ఆస్పత్రికి అందజేశారు. బ్లేలాక్ పేరు పెట్టిన భవనంలో, బ్లేలాక్ చిత్రానికి ఎదురుగా దాన్ని తగిలించారు. మొదటి ఆపరేషను జరిగి అప్పటికి 26 ఏళ్ళు దాటాయి.

1976లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం థామస్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. నియమాలు అడ్డువచ్చి వైద్యంలో కాకుండా న్యాయశాస్త్రంలో ఇచ్చారు. ఏమైనా అప్పటి నుంచి విద్యార్థులు ఆయనను డాక్టర్ థామస్ అని పిలవసాగారు. శస్త్రచికిత్స బోధకుడిగా అధ్యాపకుల జాబితాలో కూడా ఆయన పేరు ఎక్కింది. ఎప్పటి నుంచో చేస్తున్న పనికి అప్పుడు హోదా వచ్చింది. 1979లో విరమించి, తన జీవితాన్ని, పరిశోధనలను పుస్తకంగా రాశారు. 1985 నవంబరు 26న 75వ ఏట క్యాన్సరుతో మరణించారు. ఆ పుస్తకం ఆయన చనిపోయిన కొద్ది రోజులకు వెలువడింది. మరుసటి ఏడాది మే నెలలో జరిగిన మోటారు ప్రమాదంలో టాసిగ్ మరణించారు.

2004లో థామస్ జీవితంపై అమెరికాలో సినిమా వచ్చింది. బాల్టిమోర్‌లో ఒక హైస్కూలుకు ఆయన పేరు పెట్టారు. అక్కడ చదివే పిల్లలు వైద్య రంగానికి సంబంధించిన పనులు నేర్చుకుంటారు.

నేటికీ ఆ దారే

1954లో గుండె లోపల ఉన్న లోపాలనే సరిచేసే పూర్తి ఆపరేషను అమెరికాలోని మిన్నెసోటాలో మొదలయింది. ఇప్పుడు చాలామంది నీలి పిల్లలకు అదే చేస్తారు. అయితే బిడ్డ మరీ చిన్నదై, పెద్ద ఆపరేషను తట్టుకోలేని స్థితిలో ఉంటే, ముందుగా ఊపిరితిత్తులకు రక్తం మళ్ళించే పనికి డాక్టర్లు నేటికీ థామస్ చూపిన దారినే వాడతారు. చేతి నాళాన్ని కోసివేయడానికి బదులు రెంటి మధ్య సన్నని గొట్టం అతికించడం మాత్రం తరువాత వచ్చిన మార్పు.

ఇటువంటి బిడ్డలు మన పల్లెల్లోనూ పుడుతున్నారు. ఏడ్చినప్పుడు పెదవులు, నాలుక, గోళ్ళు నీలంగా మారడం, పాలు తాగుతూ మధ్యలో ఆయాసపడి వదిలేయడం, నడిచే వయసులో ఆడుతూ ఆడుతూ గొంతుకూర్చుని ఊపిరి పీల్చుకోవడం, వేళ్ళ చివరలు ఉబ్బి గుండ్రంగా కావడం ఈ జబ్బు గుర్తులు. దిష్టి తగిలిందని, గాలి సోకిందని కాలం వృథా చేయకుండా వెంటనే డాక్టరుకు చూపించవలసి ఉంటుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకంలో పేద పిల్లల గుండె ఆపరేషన్లను కూడా చేర్చారు.

ఆ పాత ఆపరేషనును వైద్య పుస్తకాలు చాలా ఏళ్ళపాటు బ్లేలాక్, టాసిగ్‌ల పేర్లతోనే పిలిచాయి. ఇటీవలి కాలంలో చాలామంది డాక్టర్లు ఆ రెండు పేర్ల నడుమ మూడవ పేరు చేర్చి బ్లేలాక్-థామస్-టాసిగ్ అని రాస్తున్నారు.